పెద్దవారికి తుంటి ఎముక విరిగినప్పుడు

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఉద్యోగాలకు వచ్చిన యువకుల తల్లిదండ్రులు నేడు ఎనభైకి చేరువయ్యారు. సొంత ఊళ్లు విడిచి కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఉంటున్న ఈ పెద్దలు నున్నని బాత్రూం టైల్స్ మీద జారిపడి తుంటి విరిగినప్పుడు పిల్లలు నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ వయసులో ఆపరేషను తట్టుకుంటారా, డాక్టరు గారూ?"

నా సర్వీసు తొలినాళ్లలో ఇటువంటి రోగులను కాలికి బరువులు కట్టి వారాల తరబడి పడుకోబెట్టేవారు. మంచంపుండ్లు, న్యుమోనియా, కాళ్ల సిరల్లో రక్తపు గడ్డలు ఎందరి ప్రాణాలనో తీశాయి.

చికిత్స ఎముక విరిగిన చోటును బట్టి ఉంటుంది. తొడ ఎముక మెడ విరిగి పక్కకు తొలగితే పైనున్న బంతికి రక్తప్రసారం దెబ్బతిని, ఎముక అతకడం కష్టమవుతుంది. అందువల్ల బంతిని మారుస్తారు. పడకముందు చురుకుగా నడిచినవారికి గిన్నెతో సహా కీలంతా మార్చవచ్చు. తొలగని పగులుకు స్క్రూలు సరిపోవచ్చు. మెడకు దిగువన విరిగితే రాడ్డు గాని, ప్లేటు గాని అమర్చి బిగిస్తారు.

ఆపరేషనులో ప్రమాదం లేదని అనను. అయితే మంచానికే పరిమితం కావడం తరచుగా అంతకంటే ప్రమాదకరం. బీపీ, మధుమేహాలను అదుపుచేస్తూనే వీలైనంతవరకు ఒకటి రెండు రోజుల్లో శస్త్రచికిత్స జరిపించి, మరునాడే ఆసరాతో నిలబెట్టాలి. అమెరికా నుండి అన్నయ్య వచ్చేదాకా ఆగుదామనుకోకండి; ఆయనతో ఫోనులో మాట్లాడి నిర్ణయం తీసుకోండి.