పెట్టె లేని హార్డ్ డిస్కు

కిరాణా కొట్టులో కందిపప్పు రెండు విధాలుగా దొరుకుతుంది. ఒకటి కంపెనీ పేరు అచ్చువేసిన సంచిలో వచ్చేది. రెండోది బస్తాలోంచి తూచి పొట్లం కట్టి ఇచ్చేది. దీన్నే మనం లూజు సరుకు అంటాం. కంప్యూటరు విడిభాగాల్లో కూడా ఇలాంటి సరుకు ఉందని మీకు తెలుసా? సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్‌కో, చెన్నైలోని రిచీ స్ట్రీట్‌కో వెళ్లి హార్డ్ డిస్కు అడగండి. దుకాణదారు రంగుల పెట్టెకు బదులు, బూడిద రంగు మెరుపు కవరులో ఉన్న డిస్కును బల్లమీద పెట్టవచ్చు. వ్యాపారులు దీన్ని ‘ఓఈఎం’ సరుకు అంటారు. కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలకు టోకున పంపే పద్ధతిలో, విడి పెట్టెలు లేకుండా వచ్చే సరుకు ఇది.

నేను మా ఊళ్లో చిన్న కంప్యూటరు మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. పెట్టె లేని డిస్కు కొనవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కొనవచ్చు అనే చెబుతాను. పెట్టె ఖర్చు, అందులోని సామాన్ల ఖర్చు ఉండవు కాబట్టి తరచు ఇది కొంత చవకగా వస్తుంది. పై పటారం చూసి సరుకు కొనడం తెలివైన పని కాదు కదా! అయితే పెట్టెతోపాటు ఇంకా ఏమేమి పోయాయో మీరు లెక్క చూసుకోవాలి.

మొదట పోయేవి చిల్లర సామాన్లు: కేబులు, మరలు, అమర్చే విధానం చెప్పే కాగితం. కొత్త మదర్‌బోర్డుతో సాధారణంగా సాటా కేబుళ్లు వస్తాయి. ఇంట్లో ఒకటి మిగిలి ఉందేమో ముందే వెతకండి. మూడున్నర అంగుళాల డిస్కుకు పట్టే మరలు రెండున్నర అంగుళాల డిస్కుకు పట్టవు. పట్టని మరను బలవంతంగా తిప్పకండి.

రెండోది రక్షణ. డిస్కు లోపల అద్దంలా నున్నగా ఉండే పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. వాటిమీది సమాచారాన్ని చదివే భాగం పళ్లేన్ని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన తలవెంట్రుక మందం అంతకు వేల రెట్లు ఉంటుంది. కాబట్టి డిస్కును స్కూటరు డిక్కీలో పడేసి తీసుకురాకండి. బుడగల కవరు అడిగి చుట్టించుకోండి. బస్సులో ఒళ్లో పెట్టుకోండి. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగడం మీరు చూసే ఉంటారు. ఆ స్థిర విద్యుత్తే డిస్కు సర్క్యూటును దెబ్బతీయగలదు. మెరుపు కవరు ఉన్నది అందుకే. కవరు విప్పేముందు కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి.

మూడోది పూచీ. ఇది అన్నిటికన్నా ముఖ్యం. కంప్యూటరు కంపెనీల కోసం అమ్మిన కొన్ని డిస్కులకు తయారీదారు మనకు నేరుగా పూచీ ఇవ్వడు. డిస్కుమీది సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైటులో చూసుకుంటే ఈ సంగతి తేలుతుంది. ఆ నంబరును, పూచీ గడువును బిల్లుమీద రాయించుకోండి. ఒకసారి నేను బిల్లు అడిగితే, “బిల్లయితే 18 శాతం అదనం” అన్నాడు ఒక దుకాణదారు. డిస్కును అక్కడే వదిలి వచ్చేశాను. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఇలాంటి ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

ఇంటికి తెచ్చాక డిస్కు ఎన్ని గంటలు పనిచేసిందో చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఆ లెక్క చూపుతుంది. కొత్తదైతే సున్నాకు దగ్గరగా ఉండాలి. అయితే ఈ లెక్కను చెరిపి, వాడిన డిస్కులను కొత్తవిగా అమ్మిన సంగతి 2025లో ఐరోపాలో బయటపడింది. అందుకే బిల్లు తప్పనిసరి అంటున్నాను.

బిల్లు కూడా చేయలేని పని ఒకటుంది. ఒకావిడ పాడైన డిస్కు ఒకటి మా దుకాణానికి తెచ్చారు. అందులో చనిపోయిన భర్త ఫోటోలు ఉన్నాయి. బిల్లు భద్రంగా దాచుకున్నారు, గడువూ దాటలేదు. కంపెనీ మరో డిస్కు ఇచ్చింది. ఫోటోలు మాత్రం రాలేదు. వాటికి మరో ప్రతి ఎక్కడా లేదు. కొత్త డిస్కును చేతిలో పెడితే ఆవిడ, “ఇది నేనేం చేసుకోను బాబూ?” అన్నారు.

పెట్టెలో వచ్చినా, విడిగా వచ్చినా ప్రతి డిస్కూ ఏదో ఒకనాడు పాడయ్యేదే. కాబట్టి పెట్టె లేకుండా కొని మిగిల్చిన డబ్బును రెండో ప్రతి కోసం ఖర్చుపెట్టండి. పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంట్లోవాళ్ల ఫోటోలు రెండు చోట్ల దాచండి. ఆ రెండో చోటు మరో ఇల్లయితే ఇంకా మంచిది.