పట్టిసీమ రేవులో 36 ఫోటోలు

మొన్న సంక్రాంతి సెలవులకు మా తమ్ముడి కూతురు స్రవంతి హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చిన పిల్ల ఊరుకుంటుందా? సర్దుతాననే నెపం మీద అటకెక్కి, తుక్కూ దుమ్మూ మా మీద కుమ్మరించి, చివరికి ఒక తోలుపెట్టె కిందికి దించింది. అందులో నా పాత కెమేరా ఉంది.

"పెదనాన్నా, ఇది పనిచేస్తుందా?" అని అడిగింది.

"కెమేరా ఎప్పుడూ పనిచేసింది. పని తెలియనిది నాకే" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నేను హాస్యానికి అనలేదని దానికప్పుడు తెలియదు.

చేతిలో ఫోను పెట్టుకుని రోజుకు వంద ఫోటోలు తీసే పిల్లకు ఈ ఇనుపముద్ద మీద మోజేమిటని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. "ఫోనులో తీసినవి మళ్ళీ చూడను పెదనాన్నా. ఇందులో 36 మాత్రమేగా? లెక్క ఉంటే జాగ్రత్త ఉంటుంది" అంది. ఆ మాట నాకు నచ్చింది. ఈ రోజుల్లో ఒక ఫిల్ము కొని, కడిగించి, బొమ్మలు చేతికందేసరికి వెయ్యి రూపాయలు దాటుతుంది. జాగ్రత్త దానంతట అదే వస్తుంది.

కెమేరా పేరు పెంటాక్సు కె-1000. 1976లో బజారులోకి వచ్చి 1997 దాకా తయారయింది. లెన్సుతో కలిపి ముప్పాతిక కిలో పైచిలుకు బరువు. దీనంతట ఇది చేసే పని ఒక్కటీ లేదు. అన్నీ మనమే తిప్పాలి. అందుకే కొత్తవాళ్ళకు ఇది మంచి గురువు. కువైటులో ఉద్యోగం చేసే మా మేనమామగారి అబ్బాయి దీనిని 1986లో నాకు తెచ్చి ఇచ్చాడు.

పాఠం ఇంట్లో చెప్పినా సరిపోయేదే. కాని "పట్టిసీమ వెళ్దాం పద" అన్నాను. ఎందుకన్నానో తరువాత చెబుతాను.

బయలుదేరే ముందు కెమేరా అడుగున ఉన్న చిన్న మూతను రూపాయి బిళ్ళతో తిప్పి తీసి, కొత్త బ్యాటరీ వేశాము. గడియారంలో వేసే బిళ్ళ లాంటిదే, ఎల్.ఆర్.44 అంటారు. అది లేకపోయినా ఈ కెమేరా ఫోటో తీస్తుంది. వెలుగును కొలిచే ముల్లు ఒక్కటే ఆగిపోతుంది. దీనికి మీట నొక్కి ఆపే ఏర్పాటు లేదు. వెలుతురు తగిలినంతసేపూ ముల్లు పనిచేస్తూనే ఉంటుంది. కనుక పని కాగానే లెన్సుకు మూత పెట్టకపోతే బ్యాటరీ ఊరికే ఖర్చయిపోతుంది. తరువాత లెన్సు మీది ఎర్రచుక్కను కెమేరా మీది ఎర్రచుక్కకు ఎదురుగా ఉంచి, టిక్కుమనేదాకా తిప్పమన్నాను. స్రవంతి చక్కగా తిప్పింది.

పండుగ వెళ్ళిన మూడోనాడు ఉదయమే రాజమండ్రిలో బస్సెక్కాము. 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన మీద బస్సు పోతూ ఉంటే, మా కాళ్ళకింద ఎక్కడో రైలు పోతున్న అదురు తెలుస్తోంది. దిగువన, 1900లో తెరిచి 1997లో విశ్రాంతి ఇచ్చిన హేవలాకు వంతెన రాతి స్తంభాలు మంచులో మునిగి నిలబడి ఉన్నాయి. స్రవంతి కెమేరా ఎత్తబోయింది. "ఇంకా ఫిల్ము ఎక్కించలేదే" అన్నాను. నాలుక కరుచుకుంది.

కొవ్వూరులో బస్సు మారి తాళ్ళపూడి మీదుగా పట్టిసం చేరేసరికి ఎండ కాస్త ముదిరింది. గోదావరి మధ్యలో కొండ, కొండమీద వీరభద్రస్వామి గుడి. ఆ కొండను దేవకూటమంటారు. దక్షయజ్ఞం ధ్వంసం చేసిన వీరభద్రుడు తన పట్టిసమనే ఆయుధాన్ని ఇక్కడ కడిగాడనీ, అందువల్లనే ఊరికి ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. శివరాత్రికి ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. మేము వెళ్ళిన నాడు మాత్రం రేవులో పదిమందికి మించి లేరు. 2015లో ఇక్కడ ఎత్తిపోతల పథకం మొదలుపెట్టి గోదావరి నీళ్ళను కృష్ణకు పంపారు. ఆ పెద్ద గొట్టాలు నా చిన్ననాటి పట్టిసీమలో లేవు. కొండ మాత్రం అదే.

రేవు పైన చెట్టు నీడలో కూర్చుని ఫిల్ము బయటకు తీశాము. ఫిల్ము ఎక్కించడం ఎప్పుడూ నీడలోనే చేయాలి. ఎడమవైపు పైన ఉన్న గుబ్బను పైకి లాగితే కెమేరా వెనుక తలుపు తెరుచుకుంటుంది. ఫిల్ము డబ్బాను ఆ వైపు గూటిలో కూర్చోబెట్టి గుబ్బను కిందికి నొక్కాలి. ఫిల్ము నాలుకను కుడివైపుకు లాగి, అక్కడి కండె సందులో దోపాలి. ఆ తరువాత మీటను నెమ్మదిగా లాగి, పళ్ళచక్రం పళ్ళు ఫిల్ము రెండు అంచుల చిల్లుల్లోనూ పడ్డాయో లేదో కళ్ళారా చూచిన తరువాతనే తలుపు మూయాలి.

"మూసేశాను. అయిపోయిందా?" అంది స్రవంతి.

"అసలు సంగతి ఇప్పుడే ఉంది. ఎడమ గుబ్బ మీద మడతపెట్టిన చేతిపిడి ఉంది చూడు. దాన్ని తీసి, బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పు. వదులంతా పోయి బిగుసుకోగానే ఆపు. ఇప్పుడు మీట లాగుతూ ఆ గుబ్బ వంక చూడు."

మీట లాగింది. గుబ్బ దానంతటది ఎదురు తిరిగింది.

"తిరిగింది పెదనాన్నా!"

"అది తిరిగితే లోపల ఫిల్ము నడిచినట్టు. అంకెల గడి మాట నమ్మకు. ఫిల్ము ఉన్నా లేకపోయినా అది ఒకటి, రెండు అని లెక్కపెడుతూనే ఉంటుంది."

అంకె ఒకటి వచ్చేదాకా లాగి, నొక్కి, మళ్ళీ లాగింది. ప్రతిసారీ గుబ్బ వంక చూడమన్నాను. ఫిల్ము వేగం 200. షట్టరు చక్రం పైఅంచును ఎత్తి తిప్పి ఆ అంకెకు పెట్టించాను. ఇది మరిచిపోతే ముల్లు చెప్పేదంతా అబద్ధమే.

పడవలో కూర్చున్నాక తక్కిన పాఠం. వెలుగును కుండలోకి పట్టే నీరనుకోండి. లెన్సు మీది ఎపర్చరు కుళాయి వెడల్పు. షట్టరు, కుళాయి తెరిచి ఉంచే కాలం. సన్నగా వదిలితే ఎక్కువసేపు, ధారాళంగా వదిలితే కొద్దిసేపు. కుండ నిండాలి, పొర్లిపోరాదు. తిరకాసల్లా ఏమిటంటే, ఎపర్చరు అంకె పెద్దదైనకొద్దీ కన్నం చిన్నది. ఎఫ్ 2 పెద్ద కన్నం, ఎఫ్ 16 చిన్న కన్నం. కన్నం చిన్నదైతే దగ్గరవీ దూరానివీ కూడా స్పష్టంగా వస్తాయి. పెద్దదైతే మనం గురిపెట్టిన ముఖం ఒక్కటే తేటగా ఉండి వెనుకదంతా మసకగా కరిగిపోతుంది.

కంటికి కనిపించే గడిలో కుడిపక్కన ముల్లు ఉంది. అది నడిమికి వచ్చేదాకా రెంటిలో ఏది తిప్పినా సరే. పైకి పోతే వెలుగు ఎక్కువ, కిందికి పోతే తక్కువ. ముల్లు లేకపోయినా ఒక కొండగుర్తు ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్ 16 పెట్టి, ఫిల్ము వేగానికి దగ్గరి అంకెను షట్టరుకు పెడితే చాలు. మా 200 ఫిల్ముకు 1/250. ఎఫ్ 11 అయితే 1/500. లెక్క ఒక్కటే.

కాని నీటి దగ్గర ముల్లును పూర్తిగా నమ్మరాదు. ఎండలో మెరిసే గోదావరిని చూచి అది బెదిరిపోయి, వెలుగు మితిమీరిందంటుంది. ఆ మాట విన్నామా, పడవలో మనిషి ముఖం మసిబొగ్గు. "మనిషి దగ్గరికి వెళ్ళి, గడి నిండా ముఖమే కనిపించేట్టు పెట్టి కొలువు. అంకెలు మార్చకుండా వెనక్కి వచ్చి తియ్యి" అన్నాను. పడవవాడి ముఖం దగ్గరికి వెళ్ళి స్రవంతి కొలుస్తుంటే అతడు సిగ్గుపడి తెడ్డు వదిలేశాడు.

ఎడమ అరచేయి లెన్సు కింద ఆసరాగా ఉండాలి. మోచేతులు పక్కలకు ఆనించుకోవాలి. లెన్సు తిప్పుతూ ఉంటే గడి నడుమ ఉన్న వలయంలో గజిబిజి ఆగి బొమ్మ నిలుస్తుంది. అప్పుడు ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కాలి. షట్టరు 1/60 కన్న తక్కువకు దింపితే చేతి వణుకు బొమ్మలోకి వస్తుంది.

"నొక్కగానే ఒక్క క్షణం చీకటయిందేం?" అని అడిగింది.

"లోపల ఏటవాలుగా ఒక అద్దం ఉంది. లెన్సులోంచి వచ్చిన వెలుగును అది పైనున్న గాజుపట్టకం ద్వారా నీ కంటికి పంపుతుంది. నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుగు ఫిల్ము మీద పడుతుంది. ఫోటో పడే క్షణం తీసేవాడికి కనపడదు."

పడవ నడి గోదావరికి వచ్చింది. అప్పుడు చెప్పాను దానికి.

1986లో ఇదే రేవులో, ఇదే కెమేరాతో మా అమ్మను పట్టిసీమ తీసుకువచ్చాను. ఫోటో తీస్తే ఆయుష్షు తరుగుతుందని అమ్మకు భయం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో ఆవిడ పెళ్ళినాటిది. అందులోనూ తల వంచుకునే ఉంది. ఆనాడు పడవలో ఏమనిపించిందో, పైట సర్దుకుని, నా వంక తిన్నగా చూచి, "ఇప్పుడు తియ్యరా" అంది. తీశాను. గుడిమెట్ల మీద, ఇసుకలో, కొబ్బరికాయ పట్టుకుని, మొత్తం 36 తీశాను. అంకెల గడి 36 చూపించింది.

నాలుగు రోజుల తరువాత స్టూడియో ఆయన కడిగిన ఫిల్ము నా చేతిలో పెట్టాడు. మొదటినుంచి చివరిదాకా గాజు ముక్కలా ఉంది. "ఫిల్ము కండెకు పట్టలేదు బాబూ. ఒక్కటీ నడవలేదు. మొదట్లో అందరికీ ఇలాగే అవుతుంది" అని, కడిగిన కూలి కూడా తీసుకోలేదు.

ఇంటికి వెళ్ళి అమ్మతో, "బాగా వచ్చాయమ్మా, పెద్దవి చేయిస్తున్నాను" అన్నాను. మళ్ళీ తీసుకువెళ్ళి మళ్ళీ తీద్దామని నా ఆలోచన. అమ్మ రెండుసార్లు అడిగింది. మరుసటి కార్తీకానికి అమ్మ లేదు. అందరూ ఫోటోలేవిరా అంటే, స్టూడియో ఆయన పాడుచేశాడన్నాను. నిన్నటిదాకా మా ఇంట్లో ఆ మాటే నిలిచి ఉంది.

స్రవంతి ఏమీ అనలేదు. కెమేరా చప్పుడు మాత్రం వినిపించింది.

సాయంత్రం రేవులో 36 పూర్తయ్యాయి. మీట ఇక కదలనంది. బలవంతం చేయవద్దన్నాను. అడుగున ఉన్న చిన్న బొత్తాన్ని నొక్కి, ఎడమ పిడిని బాణం వైపు తిప్పించాను. ఫిల్ము వెనక్కి చుట్టుకుంటూ ఉంటే చేతికి బరువు తెలుస్తుంది. ఆ బరువు పోయి పిడి తేలికగా తిరిగిన తరువాతనే తలుపు తెరవాలి. నాకు ఆనాడు మొదటినుంచీ తేలికగానే తిరిగింది. అదేమిటో తెలియక సంతోషించాను.

ఫిల్మును నగరానికి పంపాము. మూడు వారాలకు బొమ్మలు వచ్చాయి. 36కు 31 బాగున్నాయి. రెండు కదిలాయి, మూడింటిలో నది తెల్లబోయింది. పడవలో నన్ను తీసినది కూడా ఉంది. ఒకరితో చెప్పవలసిన మాట ఆలస్యంగా చెబుతున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు అందులో తెలిసింది.

ఆ రాత్రే మా తమ్ముడికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు వాడు మాట్లాడలేదు. "నా పెళ్ళికి ఫోటోలు తీస్తానని ఆయన తనంత తానే వస్తే, గుమ్మంలోంచే పంపేశాం గదా అన్నయ్యా" అన్నాడు.

ఆ స్టూడియో ఇప్పుడు లేదు, ఆయనా లేడు. కూతురి చేతి కెమేరా వాడికి మళ్ళీ గుర్తు వచ్చి కాబోలు, "దానికి ఫిల్ము ఎక్కించడం సరిగ్గా నేర్పావా?" అని అడిగాడు.

నేర్పాను. మీలో ఎవరింట అటకమీదనైనా ఇటువంటి పెట్టె ఉంటే, దించి దుమ్ము దులపండి. మీట లాగినప్పుడల్లా ఎడమ గుబ్బ తిరుగుతోందో లేదో చూచుకోండి. ఒకవేళ తిరగలేదనుకోండి, ఆ మాట ఆనాడే ఇంట్లో చెప్పేయండి.