డిమ్నా రోడ్డు ధరలు

డిమ్నా రోడ్డులో పాత జీపు బేరానికి వెళ్తే ముందు ధర చెప్పేవారు కారు, ముందు బానెట్టు ఎత్తేవారు. ఎత్తి కాసేపు ఎవరూ మాట్లాడకుండా నిలబడేవారు. మిస్త్రీ ఇంజను స్టార్టు చేసి, మొబిల్ ఆయిలు కొలిచే కడ్డీ పైకి లాగి, ఆ గొట్టం నోటి మీద అరచెయ్యి పెట్టి, వచ్చే ఆవిరి ఎంత వేడిగా, ఎంత జిడ్డుగా ఉందో చూసుకుని, చెయ్యి పాత గుడ్డకి తుడుచుకునేవాడు. ఆ తుడుచుకోవడంలోనే సగం ధర తేలిపోయేది. మిగతా సగం అతను బండి కింద వెల్లకిలా పడుకుని ఛాసీ మీద చిన్న సుత్తితో తడుతుంటే వచ్చే చప్పుడులో, కమాన్ పట్టీల్లో విరిగిన ఆకుల్లో, ముందు ఇరుసుకి పవరు పంపే ఆ పొట్టి లివరు నిజంగా పడుతోందా లేక ఊరికే ఊగుతోందా అన్నదాంట్లో ఉండేది. శ్రీకాకుళం వైపు సంతల్లో ఎద్దు పళ్ళు చూసి వయసు కట్టిన తాతల మనవలకి ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు. పక్కన నిలబడి, మట్టి ముంతలో టీ తాగుతూ, ముఖంలో ఇష్టం కనబడనివ్వకుండా ఉండడం వాళ్ళకి ముందే వచ్చు.

ఈ డిమ్నా రోడ్డు ఉన్నది మాంగోలో. మాంగో గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నదికి అటుపక్క సాక్చీ, బిష్టుపూర్, కద్మా. టాటా కంపెనీ నీళ్ళు, కంపెనీ కరెంటు, వరసగా నాటిన చెట్లు, తీరుగా కట్టిన క్వార్టర్లు. వంతెన దాటి ఇటుపక్కకి వస్తే మాంగో. ఇక్కడ ఎవరి బోరు వాళ్ళది, ఎవరి కాలవ వాళ్ళది. కొలువు ఉన్నన్నాళ్ళు కద్మాలోనో సోనారీలోనో ఉండి, బిష్టుపూర్ రామమందిరంలో శ్రీరామనవమి పందిళ్ళ కింద పానకం పోసిన మన తెలుగువాళ్ళు చాలామంది రిటైరయ్యాక క్వార్టరు తాళాలు అప్పగించి, పీఎఫ్ డబ్బుతో ఇక్కడ రెండు గదులు వేసుకున్నారు. 1990లలో కంపెనీ మనుషుల్ని తగ్గించుకోవడం మొదలెట్టినప్పుడు ఈఎస్ఎస్ అనే పథకం కింద ముందుగానే ఇంటికొచ్చినవాళ్ళు ఉన్నారు. నలభై అయిదేళ్ళకే పొద్దున్న సైరను కూత తమది కాకుండా పోయిన మనుషులు వాళ్ళు. ఏం చెయ్యాలో తెలియక కొందరు కిరాణా కొట్టు పెట్టారు, కొందరు ఊళ్ళో పొలం కొన్నారు, ఇంకొందరు డిమ్నా రోడ్డుకి వెళ్ళి సెకండ్ హ్యాండు కమాండర్ జీపు కొని పాటమదా వెళ్ళే దారిలో కిరాయికి వేశారు. ఆ జీపుల ధరల్లో కొలిమి ముందు గడిచిన ఇరవై, పాతికేళ్ళ చెమట ఉండేది. అందుకే ఆ బేరాలు అంతసేపు సాగేవి అనుకుంటాను.

లారీలు పుట్టిన ఊరు మాది. 1954లో బెంజ్ వాళ్ళతో కలిసి టాటాల టెల్కో మొదటి లారీలు తీసింది ఇక్కడే. కానీ కొండెక్కే బండ్లు ఇక్కడివి కావు. సియెర్రా, సుమో, సఫారీ అన్నీ పుణె నుంచి వచ్చేవి. మహీంద్రా వాళ్ళు 1949లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది బొంబాయిలో. మారుతి జిప్సీ 1985 చివర్లో వచ్చింది, గుర్‌గావ్ నుంచి. అయినా మాంగో గ్యారేజీల్లో ఇవన్నీ ఒకే చూరు కింద పక్కపక్కన నిలబడేవి. ప్యూజో డీజిలు ఇంజనుతో ఎమ్మెమ్ ఐదు వందల నలభై, పొడవాటి కమాండరు, రేకు పెట్టెలా చదునుగా ఉండి లోపల అంబాసిడర్ ప్రాణం పెట్టుకున్న హిందుస్థాన్ ట్రెక్కరు, ఎప్పుడైనా ఒకసారి మిలటరీ ఆకుపచ్చ రంగు ఇంకా గోరుకి తగిలే జోంగా. ఈ జోంగా జబల్‌పూర్ ఆయుధ కర్మాగారంలో నిస్సాన్ పెట్రోల్ నమూనా మీద కట్టినది, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు లీటర్లకి కాస్త తక్కువ. సైన్యం వదిలించుకున్న బండ్లు బెంగాల్‌లో జీటీ రోడ్డు మీది పానాగఢ్ అంగళ్ళకి చేరేవి, అక్కడి నుంచి ఇక్కడికి. దాని ఆకలి ఏ ఇంటివాడూ తీర్చలేడు గనక వచ్చిన వారంలోనే ఇంజను దించి ఏదో ఒక డీజిలు ఇంజను ఎక్కించేవారు. దించిన ఆ పెద్ద ఇనుప దిమ్మ గ్యారేజీ గోడవారన వానకి తడుస్తూ, మీద కోళ్ళు ఎక్కి కూర్చుంటూ, తుక్కు కొనే కబాడీవాడు తూకం వేసుకుని పట్టుకుపోయేదాకా ఉండేది.

నిజానికి అన్ని ధరలకీ అడుగు ఆ తూకమే. ఎంత చచ్చిన బండైనా ఇనుము బరువు కన్నా తక్కువకి పోదు. దాని పైన ఎంత అన్నది మాత్రం పాటమదా రోడ్డు చెప్పేది. డిమ్నా చెరువు దాటాక దల్మా కొండల పక్కగా పోయే ఆ దారిలో హాట్, అంటే వారపు సంత, జరిగే రోజున ట్రెక్కరు ఎన్ని ట్రిప్పులు కొడుతుంది, లోపల ఎంతమంది పడతారు, వెనక నిచ్చెన మీద ఎంతమంది వేలాడతారు, పైకప్పు మీద వంకాయల బస్తాలు, క్యాలీఫ్లవర్ బుట్టలు, కాళ్ళు కట్టిన మేకలు, ఎండబెట్టిన ఇప్పపువ్వు మూటలు, సాల్ ఆకుల విస్తళ్ళ కట్టలు ఎన్ని పడతాయి. ఈ లెక్క దళారీకి నోటికి వచ్చు. వానాకాలం ముందు ధర పెరిగేది, ఎందుకంటే వాగులు దాటాలంటే నాలుగు చక్రాలకీ పవరు ఉన్నది కావాలి. పంట చేతికొచ్చాక ఇంకాస్త పెరిగేది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో పడిపోయేది. ఇక్కడికి సముద్రం దూరం గనక ఛాసీ తుప్పు తక్కువ, ఆ మాట కలకత్తా నుంచి వచ్చిన కొనుగోలుదారుకి గట్టిగా చెప్పి నాలుగు వేలు ఎక్కువ లాగేవారు. సువర్ణరేఖ పొంగిన ఏడు మాత్రం సీటు కింద వేలు పెట్టి ఒండ్రు మట్టి ఉందేమోనని చూడందే ఎవరూ బయానా ఇచ్చేవారు కారు. ఈ ధరలో ఈ ఊరి వాన ఉంది, ఈ ఊరి హాట్ ఉంది, మిస్త్రీ అరచెయ్యి ఉంది. రాంచీ ధర వేరు, ధన్‌బాద్ ధర వేరు, వంతెన అవతల సాక్చీలో చెప్పే ధర కూడా వేరే.

ఆ రోజులు బంగారమని నేను అనను. ఆ ట్రెక్కర్లలో నేనూ ఎక్కాను. డీజిలు పొగ, తడిసిన టార్పాలిన్ హుడ్డు వాసన, ఎండుచేపల గంప, ఒళ్ళో ఎవరిదో బిడ్డ, మోకాళ్ళ మధ్య గేరు రాడ్డు. పాటమదా నుంచి ఆసుపత్రికి బయల్దేరిన నిండు గర్భిణి కూడా అలాగే ఇరుక్కుని రావలసిందే, వేరే బండి లేదు. వంపు దగ్గర బ్రేకు పడక బోల్తా కొట్టిన బండ్ల కబుర్లు ప్రతి వానాకాలం విన్నాం. గ్యారేజీల్లో స్పానర్లు అందించిన పిల్లలు బడికి పోవలసిన వయసువాళ్ళు, గోళ్ళలో గ్రీజు వదిలేదే కాదు. ధర కూడా అందరికీ ఒకేలా న్యాయంగా లేదు. మా వీధి చివర ఒక పిన్నిగారు భర్త పోయిన నెలలోనే ఆయన ఎమ్మెమ్ ఐదు వందల నలభైని అమ్మవలసి వచ్చింది. ఆవిడకి బానెట్టు ఎత్తడం తెలియదు, హిందీ అంతంత మాత్రం. దళారీ చెప్పిందే ధర, ఫారాల మీద ఖాళీగా పెట్టిన సంతకమే అమ్మకం. ఆ బండి రెండు నెలల తర్వాత దాదాపు రెట్టింపుకి చేతులు మారిందని వీధంతా తెలిసింది, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడైతే కాలేజీలో చదివే మనవరాలు ఫోను తీసి నిమిషంలో చూసి చెప్పేది.

కాగితాలు బలం పుంజుకున్నది నెమ్మదిగానే. 2000 నవంబరు 15న జార్ఖండ్ వచ్చింది, బిహారు అక్షరాల ప్లేట్ల పక్కన జేహెచ్-05 ప్లేట్లు మొదలయ్యాయి, కొన్నేళ్ళు పాత నంబరు బండికి ఓ మెట్టు తక్కువ ధర. 2017 చివర్లో ముందు బిగించే ఇనుప గార్డులు తియ్యమన్నారు, గ్యారేజీ వెనక అవి గుట్టగా పడ్డాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ ఇచ్చిన రూపం మార్చిన బండికి రిజిస్ట్రేషన్ చెల్లదన్నది. ఇంజను మార్చిన జోంగాల కథ ఆ రోజుతో ముగిసింది. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ అంటే 2018లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. అక్కడ చౌకైన సఫారీలు, స్కార్పియోలు ఎన్ఓసీ కాగితంతో మన తూర్పు ఊళ్ళ దారి పట్టాయి. 1998లో కొత్తగా ఎనిమిది లక్షల పైమాట పలికిన సఫారీని, రోడ్డు మీద పోతుంటే జనం తిరిగి చూసిన సఫారీని, ఒక మంచి మోటారు సైకిలు ధరకి అడుగుతుంటే విన్నాను. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారుకి మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించే రుసుము ఆరు వందల నుంచి ఐదు వేలయింది. మరుసటి ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన సర్కారు బండ్లకి రిజిస్ట్రేషనే లేదు, నేరుగా తుక్కుకే. బీడీఓ ఆఫీసు ఆవరణలో చింతచెట్టు కింద జీపు వేలంపాట, దానికి ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చే పాటదారులు, పాట మధ్యలో గుసగుసగా కుదిరే ఒప్పందాలు, అలా పోయాయి. పొగ తగ్గాలి, బ్రేకులు పడాలి, ఈ చట్టాల్లో చాలావాటికి నేను అడ్డు చెప్పను.

కానీ ధర విచిత్రంగా తిరిగింది. 2019లో మామూలు జనానికి అమ్మే జిప్సీ తయారీ ఆగింది. కొత్త భద్రతా నిబంధనలకి ఆ పాత ఒళ్ళు సరిపడలేదు. ఆగిందని తెలిశాక, ఒకప్పుడు లక్షకి అటూ ఇటూ తిరిగిన జిప్సీని ఇప్పుడు మూడు లక్షలకీ నాలుగు లక్షలకీ అడుగుతున్నారు, బాగున్నదైతే ఇంకా పైకి. వాడకం తగ్గేకొద్దీ విలువ పెరిగింది. ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లండులో ల్యాండ్‌రోవర్ వాళ్ళ సోలిహల్ ఫ్యాక్టరీ నుంచి పాత డిఫెండరు చివరి బండి 2016 జనవరిలో బయటికొచ్చింది. ఆ ల్యాండ్‌రోవర్ కంపెనీ 2008 నుంచి టాటాలదే, అంటే ఏదో దూరపు చుట్టరికంగా మాదే. అక్కడా బండి ఆగినాక పాతవాటికి రేటు ఎగబాకింది. అమెరికాలో పాతికేళ్ళు నిండిన విదేశీ బండికి అక్కడి భద్రతా ప్రమాణాలు వర్తించవు, అందుకని ఆ వయసు కోసం ఎదురుచూసి కొనేవాళ్ళున్నారట. 2020లో మహీంద్రా థార్ కొత్త ఒంటితో వచ్చింది, సియెర్రా పేరు 2025లో మళ్ళీ వినబడింది. వాటిని కొనే కుర్రాళ్ళ ముఖాల్లో సంతోషం నాకూ సంతోషమే. ఆ బండ్లలో బెల్టు ఉంది, గాలి సంచి ఉంది, వానకి తడవరు.

పాత జీపు కొనేవాడు ఇప్పుడు పాటమదా హాట్ గురించి అడగడు. అక్కడికి తారు రోడ్డు పడింది, ఆటోలు పోతున్నాయి. హర్యానాలో డబ్వాలీ జీపులకి పేరున్న ఊరు, అక్కడి ధర ఇక్కడ ఫోనులో కనబడుతుంది. పుణె ధర కూడా కనబడుతుంది. మాంగోవాడు అదే అంకె చెబుతాడు. అంకె దేశమంతా ఒకటయ్యాక అది ఏ ఊరిదీ కాకుండా పోయింది. అరచెయ్యి పెట్టి ఆవిరి చూసిన మిస్త్రీ, మా నాన్నని, మా బాబాయిని, వీధిలోని ప్రతి తెలుగాయన్నీ ఒకే పిలుపుతో రావ్‌జీ అని పలకరించిన ఆ పెద్దమనిషి, కళ్ళు మసకబారి కొడుకు దగ్గరికి బిహారు వెళ్ళిపోయాడు. ఆయన కూర్చున్న చోట ఇప్పుడు చిన్న పెట్టె పట్టుకున్న కుర్రాడు తీగ గుచ్చి ఇంజను తప్పులు చదువుతాడు. బాగానే చదువుతాడు. పాత ప్యూజో ఇంజనుకి మాత్రం ఆ తీగ గుచ్చే చోటు లేదు.

నాకు పట్టిన బెంగ బండ్ల గురించి కాదు, బండ్లు కొన్ని మిగిలాయి. ఆ ధరలే ఎక్కడా మిగల్లేదు. బేరం నోటిమాట మీద జరిగింది, అమ్మకం కాగితం మీద అసలు అంకె వేసినవాడు లేడు, రశీదు పుస్తకాలు చెదలు తిన్నాయి. ఈఎస్ఎస్ డబ్బులో ఎంత కమాండరుకి పోయింది, అది ఎన్నేళ్ళలో తిరిగొచ్చింది, ఆ ట్రిప్పుల మీద ఎవరి అమ్మాయి పెళ్ళి జరిగింది, ఎవరి అబ్బాయి ఇంజనీరింగు చదివాడు, ఈ లెక్క ఏ ఆఫీసులోనూ లేదు. పాత ఇళ్ళలో పెద్దవాళ్ళ డైరీల్లో, పంచాంగం వెనక అట్ట మీద, పాలవాడి లెక్క పక్కన, జీపుకి ఇంత ఇచ్చాం, ఇంతకి పోయింది అని పెన్సిలుతో రాసి ఉంటుంది. కద్మాలో గానీ సోనారీలో గానీ మాంగోలో గానీ, తిరిగి శ్రీకాకుళం, విజయనగరం చేరిపోయిన ఇళ్ళలో గానీ, మీకు అలాంటి పేజీ కనబడితే చిత్తుకాగితాల్లో వెయ్యకండి. తేదీ, బండి పేరు, ధర ఒకచోట రాసి ఉంచండి.