ఒక్కరే గుట్ట ఎక్కి చూడండి

 

మేం ముగ్గురం. ఒకే హాస్టల్, ఒకే రూమ్, డిగ్రీ రెండో సంవత్సరం. మా మూడు ఇళ్లలో కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. ఒకరిది కెరమెరి వైపు గూడెం, ఒకరిది జైనూర్ వైపు, ఇంకొకరిది ఉట్నూర్ వైపు. దసరా సెలవులకు ముందు ఫోన్‌లో ఒక వీడియో చూసినం. ఎవరో పట్నం నుంచి వచ్చి మన వైపు గుట్ట ఒకటి ఎక్కి, ఇక్కడ మనుషులే లేరు, అంతా ఖాళీ అని చెప్తున్నడు. అతని వెనక ఇప్పచెట్టు కనిపిస్తున్నది. చెట్టు మొదట్లో రాళ్లు పేర్చి ఉన్నయి. ఆ రాళ్లు ఊరికే అక్కడికి రాలేదని మనకు తెలుసు.

అతన్ని తిడితే ఏం వస్తది? ఆ గుట్ట మీద మనవి ఏమేం ఉన్నయో మనమే చెప్పాలె. అందుకే ముగ్గురం ఒక మాట అనుకున్నం. సెలవుల్లో ఒక రోజు, ఎవరి ఊరి గుట్ట వాళ్లు, ఒక్కరే ఎక్కాలె. నలుగురితో పోతే ముచ్చట్లు పెట్టుకుంటూ ముందటోని వెనకాలే పోతం. ఒక్కరమే అయితే ప్రతి అడుగూ మనమే చూసుకోవాలె.

ఇంట్లో వెంటనే ఒప్పుకోలేదు. మహారాష్ట్ర అడవుల నుంచి పులులు మన వైపు వస్తుంటయి కదా. చివరికి షరతులు పెట్టినరు. పశువులు తిరిగే తోవ విడువొద్దు. ఏ తోవన పోతున్నమో చెప్పి పోవాలె. పొద్దు నడినెత్తి దాటితే ఎక్కుడు బంద్, దిగుడే. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, నీళ్లు, కర్ర, ఒక నోట్‌బుక్ పట్టుకొని తెల్లారంగనే బయలుదేరినం.

మొదటి అరగంట భయమే. ఆకు కదిలినా ఆగి చూసినం. తర్వాత చెవులు తెరుచుకున్నయి. ఒర్రె శబ్దం ఎటు నుంచి వస్తున్నదో, పిట్ట ఎక్కడ అరుపు ఆపిందో తెలుస్తుంటది.

మన గుట్టలు మెట్లు మెట్లుగా ఉంటయి. కొంత నిటారు, తర్వాత చదును, మళ్లీ నిటారు. ఇది లావా పని. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద నేల పగుళ్లలోంచి లావా పొంగి, పొర మీద పొరగా పరుచుకుంది. దక్కన్ ట్రాప్స్ అంటారు. స్వీడన్ భాషలో మెట్టు అనే మాట నుంచి ఆ ట్రాప్ వచ్చింది. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో ఆ రాయి ఉంది. మన పత్తి పండే నల్లరేగడి ఆ నల్లరాయి అరిగి అయిన మట్టే. రాయిలో సన్న సన్న బొక్కలు కనిపిస్తే, అవి లావా చల్లారేటప్పుడు గాలి బుడగలున్న చోట్లు. పగుళ్లలోకి దిగిన వాన నీళ్లు, కింద గట్టి పొర తగిలితే పక్కకు ఊటగా బయటికొస్తయి. చెలిమె ఎక్కడ తవ్వాలో మన తాతలకు ఈ పాఠం చదవకుండానే తెలుసు.

రాత్రి ఫోన్‌లో నోట్‌బుక్‌లు చదువుకున్నం. మూడు గుట్టల మీద కలిపి ఊటలు ఐదు. ఆకిపేన్ రాళ్లు రెండు చోట్ల. మేత బీళ్లు, తునికాకు కోసే జాగలు. ఒక గుట్ట మీద పాత ఊరి జాడ, పగిలిన రోలు, పెద్ద చింతచెట్టు. దాని పక్కన నిలబెట్టిన రాయి ఒకటి. అది తన తల్లిని పెట్టిన చోటని ఇంటికొచ్చినంక తాత చెప్పిండు. ఆ తల్లి పేరు ఏ కాగితం మీదా లేదు.

ఇక్కడే అసలు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు అడిగితే ఆధారాలు కావాలె. ఆ చట్టం నియమాల్లో బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఆధారాలుగా ఉన్నయి. ఊరందరి సామూహిక హక్కుకు మేత భూములు, నీటి వనరులు, గడ్డలు పండ్లు ఏరుకునే చోట్లు కూడా చూపొచ్చు. పెద్దమనుషులు చెప్పిన మాటను రాసి పెడితే అదీ ఆధారమే. ఒక్కటి చాలదు, ఒకటికి మించి ఉండాలె. ఉపగ్రహం ఫోటో వీటికి తోడుగా పనికొస్తది గానీ, వీటికి బదులు కాదు. అంటే తాత మాట, ఆ రాయి, ఆ ఊట చట్టం ముందు లెక్కలోకి వస్తయి. కానీ ఎవరో ఒకరు పోయి చూసి రాయాలె. 1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చింది ఈ హక్కు కోసమే.

మీ ఊరికి పోయినప్పుడు ఒక రోజు ఇట్ల చేయండి. ఇంట్లో చెప్పి, పొద్దున్నే పోయి, పొద్దుండగానే దిగండి. చూసింది చూసినట్టు తారీఖుతో రాయండి. సాయంత్రం ముసలోళ్ల దగ్గర కూర్చొని ఒక్కో చోటు పేరు అడగండి, గోండి అయినా కొలామి అయినా వాళ్లు పలికినట్టే రాయండి. తర్వాత గ్రామసభలో చదివి వినిపించండి. దేవుని జాగల ఫోటోలు మాత్రం పెద్దలను అడగకుండా ఎక్కడా పెట్టకండి.

ముసలోళ్లు ఉన్నప్పుడే అడగాలె. మా తాతకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ఆ రాయి ఏ పక్కకు వంగి ఉందో మాత్రం చేత్తో చూపించిండు.