హెలే నీస్ కహానీలో ఒక ప్రశ్నార్థకం

ఉర్దూలో జీవితచరిత్రను సవానేహ్ అంటాం. సానెహా అనే మాటకు బహువచనం అది. సానెహా అంటే జరిగిన సంఘటన. వాడుకలో మాత్రం చెడు సంఘటనే, హాద్సాకు అన్నలాంటిది. అంటే ఒక మనిషి జిందగీ రాయడమంటే ఆ మనిషికి తగిలిన దెబ్బలన్నీ వరసగా పేర్చడమే అన్నమాట. బడిలో మా ఉర్దూ ఉస్తాద్ ఇది చెప్పినప్పుడు నవ్వుకున్నాం. ఈమధ్య ఆదివారం అనుబంధం కోసం ఒక పాత కాలపు కారు రేసర్ కథ తెలుగులో రాయడానికి కూర్చుంటే, ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు.

ఆ రేసర్ ఒక ఔరత్. లోకానికి తెలిసిన పేరు హెలే నీస్. అసలు పేరు మారియెట్ ఎలెన్ దెలాంగ్ల్. 1900 డిసెంబర్ 15న ఫ్రాన్స్‌లో, పారిస్‌కు డెబ్భై అయిదు కిలోమీటర్ల దూరంలోని ఒక చిన్న పల్లెలో పుట్టింది. వాళ్ల అబ్బా ఆ ఊరి పోస్టుమాన్. పిల్ల టీనేజీలోనే పారిస్ చేరి డాన్సర్ అయింది. ఒంటి మీద బట్టలు తక్కువగానో, అసలు లేకుండానో ఆడే డాన్సులు అవి. ఈ వాక్యం రాయాలా వద్దా అని కాసేపు ఆగాను. మన ఇళ్లలో చదువుతారు కదా! కానీ ఈ ముక్క దాచేస్తే తర్వాత ఆమెకు జరిగిన జుల్మ్ అర్థం కాదు. అందుకే ఉంచాను.

1929లో మంచుకొండల్లో స్కీయింగ్ చేస్తుండగా మంచుచరియ విరిగిపడింది. తప్పించుకోబోయి మోకాలు పాడుచేసుకుంది. డాన్స్ అక్కడితో ఖతం. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవారు. ఆమె అదే ఏడాది జూన్‌లో పారిస్ దగ్గరి మోంలేరీ ట్రాక్ మీద ఆడవాళ్ల గ్రాండ్ ప్రీలో ఒమేగా సిక్స్ అనే కారు నడిపి గెలిచింది. డిసెంబర్‌లో అదే ట్రాక్ మీద బుగాటీ కారులో గంటకు 190 కిలోమీటర్లు దాటిన రఫ్తార్‌తో ఆడవాళ్ల రికార్డు పెట్టింది. సీటు బెల్టు లేదు, ఇప్పటిలాంటి హెల్మెట్ లేదు. తలకు ఒక గుడ్డ టోపీ, అంతే. తర్వాత అమెరికా వెళ్లి అక్కడి ట్రాకుల మీద కూడా నడిపింది. మగాళ్లతో కలిసి పెద్ద గ్రాండ్ ప్రీలలో దిగింది. 1933లో మోంజాలో ఒకేరోజు ముగ్గురు పేరున్న డ్రైవర్లు, కంపారీ, బోర్జాకీనీ, చైకోవ్‌స్కీ, చనిపోయిన రేసులో ఆమె కూడా ఉంది. ఆ తర్వాతా మానలేదు.

1936 జులై 12, బ్రెజిల్‌లోని సావో పాలో. ఊరి వీధుల్లోనే రేసు. స్థానిక హీరో మనోయెల్ ద తెఫేతో మూడో స్థానం కోసం పోటీ పడుతోంది. ముగింపు దగ్గర ఒక గడ్డిమోపు రోడ్డు మీదికి వచ్చింది. ఆమె ఆల్ఫా రోమియో దాన్ని గుద్దుకుని గాల్లోకి లేచి జనంలో పడింది. నలుగురు పోయారని కొందరు రాస్తారు, ఆరుగురని ఇంకొందరు. ముప్ఫై మందికి పైగా గాయాలు. ఆమె కారులోంచి ఎగిరి ఒక సిపాయి మీద పడింది. ఆ దెబ్బ అతను తిన్నాడు, జాన్ పోయింది. ఈమె బతికింది. మొదట చనిపోయిందనే అనుకున్నారట. మూడు రోజులు కోమా, రెండు నెలలు ఆసుపత్రి. బ్రెజిల్ జనం ఆమె మీద కోపం పెట్టుకోలేదు. ఆడపిల్లలకు ఎలెనీస్ అని ఆమె పేరే పెట్టుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఆ సంగతి.

ఇంత పెద్ద సానెహా కూడా ఆమెను ఆపలేకపోయింది. 1937లో మళ్లీ మోంలేరీకి వచ్చి, మరికొందరు ఆడ డ్రైవర్లతో వంతులవారీగా రోజుల తరబడి రాత్రీపగలూ కారు నడిపి రికార్డులు పెట్టింది.

ఆమెను ఆపింది ఒక్క వాక్యం.

1949, యుద్ధం తర్వాత జరిగిన మొదటి మాంటే కార్లో ర్యాలీ. మొనాకోలో దావత్. డ్రైవర్లు, స్పాన్సర్లు, పెద్దమనుషులు నిండిన హాలు. లూయీ షిరోన్ అని మొనాకో ముద్దుబిడ్డ, 1931లో తన ఊరి గ్రాండ్ ప్రీ గెలిచినవాడు, హాలు దాటి ఆమె దగ్గరికొచ్చి అందరూ వినేలా అన్నాడు: యుద్ధంలో ఈమె గెస్టపో ఏజెంటు అని. సబూత్ ఏదీ చూపలేదు. అప్పుడూ చూపలేదు, 1979లో చనిపోయేవరకూ చూపలేదు. 1936లో తానే జర్మన్ మెర్సిడెస్ జట్టుకు కారు నడిపాడు మరి. అది నేరం కాదు, సరే. కానీ ఎవరి వేలు ఎవరివైపు లేచిందో చూడండి.

స్పాన్సర్లు పోయారు. దోస్తులు పోయారు. కలిసి బతికిన మనిషి ఆమె డబ్బుతో సహా వెళ్లిపోయాడు. పాత రంగస్థల కళాకారులను ఆదుకునే ఒక పారిస్ ఖైరాతీ సంస్థ ఇచ్చే పైసలతో, నీస్ నగరపు వెనక గల్లీలో, పేరు మార్చుకుని, గుమ్‌నామ్‌గా బతికింది. 1984 అక్టోబర్ 1న పోయింది. అంత్యక్రియల ఖర్చు కూడా ఆ సంస్థదే. బూడిదను అమ్మానాన్నల సమాధి దగ్గరికి చేర్చారు. ఆ రాయి మీద ఇంట్లో వాళ్ల పేర్లున్నాయి, ఆమె పేరు లేదు. అటు షిరోన్ పేరుతో 2016లో బుగాటీ కంపెనీ కోట్ల ఖరీదు కారు ఒకటి తెచ్చింది. ఒకప్పుడు బుగాటీ రాణి అని పిలిపించుకున్నది మాత్రం ఈమె.

ఈ కథ ఇవాళ మనకు తెలిసిందంటే మిరాండా సేమర్ అనే ఇంగ్లీషు రచయిత్రి వల్ల. 2004లో ద బుగాటీ క్వీన్ అనే పుస్తకం తెచ్చారు. అంతకుముందు మేరీ షెల్లీ లాంటి సాహిత్యవేత్తల జీవితాలు రాసినావిడ. కార్లతో పని లేదు. రేసర్ల సవానేహ్‌లో ఒక చిక్కుంది. రేసు తేదీ, స్థానం, సమయం దొరుకుతాయి, మనిషి దొరకడు. స్టాప్‌వాచ్ అబద్ధం చెప్పదు కానీ రేసు అయ్యాక ఆ మనిషి ఇంటికెళ్లి ఏం తిన్నాడో చెప్పదు. హెలే నీస్ దాచుకున్న అఖ్బార్ ముక్కలు, ఫోటోలు ఆధారం చేసుకుని, కాగితం లేనిచోట కొంత ఊహ కలిపి రాశారు సేమర్. ఆ ఊహలు నాకు అక్కడక్కడా ఎక్కువే అనిపించాయి. కానీ ఒక పని చేశారు, దానికి సలాం. ఇల్జామ్ దగ్గర ఊహించలేదు, అడిగారు. బెర్లిన్‌లోని జర్మన్ రికార్డుల్లో ఆమె ఏజెంటు అన్న దాఖలా లేదని తేల్చారు.

1949 నుంచి 2004 వరకు యాభై అయిదేళ్లు. ఆ హాల్లో ఉన్నవాళ్లలో ఒక్కరైనా సబూత్ ఏదీ అని గట్టిగా పట్టుకుని ఉంటే ఆమె జిందగీ ఇంకోలా ఉండేది. ఎందుకు పట్టుకోలేదు? నాకైతే జవాబు ఆ డాన్సుల దగ్గరే ఉంది. ఆమె చాల్‌చలన్ చాలామందికి నచ్చలేదు. యుద్ధకాలంలో నీస్‌లో ప్రియుడితో ఉంది. అలాంటిది ఇలాంటి పని చేసే ఉంటుందిలే అనుకోవడం సులువు. రికార్డుల్లో లేనంత మాత్రాన పూర్తి సఫాయి కాదుగా అనేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. ఉండనీయండి. సబూత్ తేవాల్సింది అన్నవాడా, పడ్డదా?

నేను రాసిన దాన్ని పంపాక డెస్క్ నుంచి హెడ్డింగు వచ్చింది: ‘నర్తకి, రేసర్... గెస్టపో గూఢచారి?’ చివర ప్రశ్నార్థకం. ఫోన్ చేసి అది తీసేయమన్నాను. ‘సార్, మనం అనట్లేదు కదా, అడుగుతున్నాం’ అన్నాడు కుర్రాడు. తెలివైనవాడే. ఈ ధంధాలో అందరం అదే నేర్చుకున్నాం.

ఆ ప్రశ్నార్థకం ఏం చేస్తుందో మా మొహల్లాలో చూశాను. సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లవాడిని పూఛ్‌తాఛ్‌కని తీసుకెళ్లారు. మూడో రోజు పంపేశారు. కేసు లేదు, కాగితం లేదు. కానీ రెండో రోజే ఒక పేపర్లో అతని ఫోటో, కింద ఒక ప్రశ్నార్థకం. వదిలేసిన ఖబర్ ఎక్కడా రాలేదు. కుదిరిన రిష్తా తప్పింది, దుకాణం షట్టర్ దిగింది. దావా వేద్దామంటే వకీల్ సాబ్ అన్నది కూడా మా డెస్క్ కుర్రాడి మాటే: వాళ్లు అనలేదు, అడిగారంతే.

తెలుగులో మా వార్తల వాక్యం ఒకటుంది: ‘ఆరోపణలు వచ్చాయి’. వాన వచ్చినట్టు! ఎవరి నోట్లోంచి వచ్చాయో చెప్పనక్కర్లేదు. ఉర్దూలో ఇల్జామ్ ఎప్పుడూ లగానా, ఎవరో ఒకరు తగిలించాలి. నిరాధారమైతే దానికి తోహ్మత్ అని వేరే లఫ్జ్ ఉంది. అందుకే నా వ్యాసంలో ఆ చోట ఇలా రాశాను: ‘షిరోన్ సబూత్ లేకుండా ఆమె మీద తోహ్మత్ వేశాడు.’ తోహ్మత్ ఎవరికర్థమవుతుంది అన్నారు. పక్కన నింద అని కూడా పెట్టండి అన్నాను. పెట్టారు. హెడ్డింగు ‘బుగాటీ రాణి’ అని మారింది.

పేపర్ వచ్చిన రోజు అమ్మీకి చదివి వినిపించాను. డాన్స్ దగ్గర ‘తౌబా’ అంది. సిపాయి దగ్గర కళ్లు మూసుకుంది. దావత్ దగ్గర మాత్రం ఆపి, ‘ఆ హాల్లో ఎంతమంది ఉన్నార్రా?’ అని అడిగింది. చాలామంది అన్నాను. ‘అంతమందీ తిని లేచి వెళ్లిపోయారా?’ అంది.

2010లో హెలే నీస్ పేరు మీద ఏర్పడిన ఫౌండేషన్ వాళ్లు ఆ సమాధి దగ్గర ఆమె పేరుతో ఫలకం పెట్టించారు. ఆ వాక్యం స్థలం చాల్లేదని పేపర్లో పోయింది. ఇక్కడ వేస్తున్నాను.