వదినగారు మెచ్చిన పాట

సంగీతకర్త ఆంటొనిన్ ద్వోర్జాక్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది న్యూ వరల్డ్ సింఫనీ. 1892లో ఏడాదికి 15,000 డాలర్ల జీతం మీద న్యూయార్క్ నేషనల్ కన్సర్వేటరీకి డైరెక్టరుగా వచ్చాడాయన. ప్రాగ్‌లో వచ్చేదానికి అది ఎన్నో రెట్లు. మనవాళ్లూ వచ్చింది ఆ దారినే! అయితే పరాయి దేశంలో బతికేవాడి బెంగ తెలియాలంటే ఆ సింఫనీ కాదు, ఆయనదే బి మైనర్ చెల్లో కాన్సర్టో వినాలంటాడు న్యూజెర్సీలో స్థిరపడిన ఈ వ్యాసకర్త.

నిజానికి ద్వోర్జాక్‌కు చెల్లో మీద చిన్నచూపే. పైస్థాయిలో ముక్కుతో పాడినట్టు, కిందిస్థాయిలో గొణిగినట్టు ఉంటుందని ఆయన ఫిర్యాదు. 1894లో విక్టర్ హెర్బర్ట్ రాసిన చెల్లో కాన్సర్టో విన్నాక మనసు మార్చుకున్నాడు. ఆ నవంబరులోనే న్యూయార్క్‌లో తన కాన్సర్టో మొదలుపెట్టాడు. అప్పుడు వెంట ఉన్నది భార్య అన్నా, కొడుకు ఒటకార్. మిగతా పిల్లలంతా బొహీమియాలోనే.

రాస్తుండగా ఊరినుంచి కబురు: వదినగారు జోసెఫీనాకు జబ్బు చేసిందని.

ఈ వదినగారి కథ కాస్త చెప్పుకోవాలి. 1865 ప్రాంతంలో, ఇరవై నాలుగేళ్ల ద్వోర్జాక్ జోసెఫీనా, అన్నా అనే అక్కచెల్లెళ్లకు సంగీత పాఠాలు చెప్పేవాడు. జోసెఫీనా మీద మనసుపడ్డాడు, ఆమె పడలేదు. 1873లో చెల్లెలు అన్నాను పెళ్లాడాడు. జోసెఫీనా ఒక కౌంట్‌ను చేసుకుంది. ఆ తోడల్లుడి దగ్గరే స్థలం కొని వ్యసోకాలో వేసవి ఇల్లు అమర్చుకున్నాడు కూడా. మనసులో ఏముందో గానీ, రాకపోకలు మాత్రం తెగలేదు.

ఆయన పాటల్లో ఆమెకు బాగా నచ్చింది ఒకటుంది. నన్ను ఒంటరిగా వదిలేయండి అని వేడుకునే పాట. కాన్సర్టో రెండో భాగం గాలివాద్యాలతో నెమ్మదిగా మొదలవుతుంది. ఉన్నట్టుండి ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడుతుంది. అది తగ్గీ తగ్గకముందే చెల్లో ఆ పాట వరసను అందుకుంటుంది. పాడే మనిషి లేదు, మాటలూ లేవు.

ఆఫీసుకు పోయే రైల్లో ఉండగా ఫోన్‌లో మేనత్త పోయిన కబురు విన్నాడు ఈ వ్యాసకర్త. దినకార్యాలు వీడియో కాల్‌లోనే చూశాడు. ఆ తర్వాత ఈ రెండో భాగాన్ని ఊరికే నేపథ్యంలో మోగనివ్వడం ఆయనవల్ల కాలేదు.

1895 ఫిబ్రవరిలో కాన్సర్టో పూర్తయింది. ద్వోర్జాక్ స్వదేశం చేరాడు. మే 27న జోసెఫీనా కన్నుమూసింది. ఆయన ముగింపును తిరగరాశాడు. జూన్ 11కల్లా కొత్త ముగింపు సిద్ధం. పరుగు మీదున్న మూడో భాగం అక్కడ జోరు తగ్గించుకుంటుంది, మొదటి రెండు భాగాల ఛాయలు మళ్లీ వినిపిస్తాయి, ఆమె మెచ్చిన పాట ఈసారి ఒంటి వయొలిన్ మీద పలుకుతుంది.

సరిగ్గా అక్కడే పేచీ వచ్చింది. చెల్లో విద్వాంసుడు హనూష్ వీహాన్ చివర్లో ఒక కడెంజా ఉండాలన్నాడు. మన కచేరీలో మృదంగానికి తని వదిలినట్టు, ఆర్కెస్ట్రా ఆగి సోలో కళాకారుడు తన విద్య చూపే ఘట్టమది. ద్వోర్జాక్ ససేమిరా అన్నాడు. తన అనుమతి లేకుండా ఎవరూ స్వరం మార్చరాదని ప్రచురణకర్త జిమ్‌రాక్‌కు రాశాడు. ముగింపు నిట్టూర్పులా సన్నగిల్లాలి, మళ్లీ ఉప్పొంగాలి, ఆఖరి మాట ఆర్కెస్ట్రాదే కావాలన్నది ఆయన పట్టు. ఊరడించలేని దుఃఖం దగ్గర విద్యాప్రదర్శన ఏమిటి? ఈ విషయంలో వ్యాసకర్త ఓటు ద్వోర్జాక్‌కే.

1896 మార్చి 19న లండన్‌లో తొలి ప్రదర్శన. ఆర్కెస్ట్రాను నడిపింది ద్వోర్జాక్, చెల్లో వాయించింది లియో స్టెర్న్. అంకితం మాత్రం వీహాన్‌కే ఇచ్చాడు.