ముప్పై లైఫులు, మాట్లాడని ఈగ, మా చేర్యాల పటం

ఏ టీములో చేరినా మొదటి రోజు ఒక తతంగం ఉంటుంది. పేరు, ఊరు, ఏం చదివావు అన్నీ అయ్యాక "నీకిష్టమైన గేమ్ ఏంటి, సినిమా ఏంటి, కామిక్ ఏంటి" అని అడుగుతారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. గేమ్ అంటే కాంట్రా. సినిమా అంటే ఈగ. బొమ్మల కథ అంటే చందమామ బేతాళుడు. విన్నవాళ్లలో సగం మంది నవ్వుతారు. మిగతా సగం "పాపం, సిద్దిపేట కదా, అక్కడికి ప్లేస్టేషన్ ఇంకా రాలేదేమో" అన్నట్టు చూస్తారు. వచ్చింది బాబూ. ప్లేస్టేషనే కాదు, 2023లో మాకు రైలు కూడా వచ్చింది :)

చిన్నప్పటివి కాబట్టే ఇష్టం అని చాలామంది తేల్చేస్తారు. అది సగమే నిజం. చిన్నప్పుడు ఆడినవి, చూసినవి, చదివినవి బోలెడు. వాటిలో చాలావాటి పేర్లు కూడా ఇప్పుడు గుర్తు లేవు. మరి ఈ మూడే ఎందుకు మిగిలాయి? ఆలోచిస్తే నాకు తట్టింది ఇదీ: ఈ మూడూ నాకు కొంచెం పని మిగిల్చాయి. అంతా వాళ్లే చూపించెయ్యలేదు, అంతా వాళ్లే చెప్పెయ్యలేదు. ఇదేదో పెద్ద సిద్ధాంతం అనుకోకండి. ఒక్కొక్కటే చెప్తాను, మీరే చూడండి.

ముందు గేమ్స్. టీవీకి తగిలించే వీడియో గేమ్ మా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. అసలు నింటెండో మా గల్లీలో ఎవరూ చూడలేదు, మాకు దొరికినవన్నీ దాని నకళ్లే. క్యాసెట్ మీద "9999 ఇన్ 1" అని ఉంటుంది. లోపల చూస్తే పట్టుమని ఇరవై ఆటలు ఉండవు. అవే పేర్లు మార్చుకుని, లెవెల్ మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఆట రాకపోతే క్యాసెట్ బయటికి తీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టాలి. ఇప్పుడు సర్వర్ రీస్టార్ట్ చేస్తున్నప్పుడు కూడా నాకు ఆ ఊదడమే గుర్తొస్తుంది.

అందులో మారియో ఉంది కదా, సూపర్ మారియో బ్రదర్స్, 1985 నాటిది. ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. మనం వాట్సాప్‌లో పంపుకునే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా దానికంటే బరువు. అంత చిన్న చోటులో అన్ని లెవెళ్లు, అన్ని బొమ్మలు, ఆ మ్యూజిక్ అంతా ఇరికించాలి. అందుకని ఒక చిలిపి పని చేశారు. అందులో పైన కనిపించే మబ్బు, కింద కనిపించే పొద, రెండూ ఒకటే బొమ్మ. తెల్లరంగు వేసి పైన పెడితే మబ్బు, పచ్చరంగు వేసి నేల మీద పెడితే పొద. అన్ని ఎండాకాలం సెలవులు ఆడినా మాలో ఒక్కడికీ ఇది తట్టలేదు. ఎందుకంటే పైన ఉన్నది మబ్బు అని మన బుర్ర ముందే ఒప్పేసుకుంది.

ఇక కాంట్రా. మూడు లైఫులతో ఆ ఆట పూర్తి చెయ్యడం మా వల్ల అయ్యే పని కాదు. దానికో మంత్రం ఉంది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, తరువాత బి, ఏ. ముప్పై లైఫులు! ఈ మంత్రం కథ నేను ఉద్యోగంలో చేరాక చదివాను. కొనామి కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్ 1986లో గ్రేడియస్ అనే గేమ్‌ని ఇంటి కన్సోల్ మీదకి తెస్తున్నాడు. టెస్ట్ చేద్దామంటే ఆట మరీ కష్టంగా ఉంది. అందుకని తన కోసం ఒక కోడ్ పెట్టుకున్నాడు. ఆట మార్కెట్లోకి వెళ్లేటప్పుడు అది లోపలే ఉండిపోయింది. ఆ తరువాత కాంట్రాలో కూడా అదే వరస పెట్టారు. ప్రొడక్షన్‌లో డీబగ్ కోడ్ కనిపిస్తే కోడ్ రివ్యూలో మన గతి ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆయన వదిలేసిన కోడ్‌ని మాత్రం ప్రపంచమంతా బట్టీ పట్టింది. ఆయన 2020లో చనిపోయినప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో ఆ వరసే రాసి నివాళి చెప్పుకున్నారు.

నాకు ఆశ్చర్యం ఏంటంటే, ఇంట్లో ఇంటర్నెట్ లేని రోజుల్లో ఆ మంత్రం మా గల్లీ దాకా ఎలా వచ్చింది? నోటి మాటగా. ఒక అన్న ఇంకో అన్నకి చెప్పాడు. ఆ అన్న మాకు ఊరికే చెప్పలేదు, రెండు ఆశా చాక్లెట్లు తీసుకుని చెప్పాడు. ఆట క్యాసెట్‌లో సగమే ఉంది, మిగతా సగం ఆ అన్న దగ్గర ఉందన్నమాట.

మొన్న సెలవుల్లో మా అక్క కొడుక్కి ల్యాప్‌టాప్‌లో కాంట్రా చూపించాను. వాడిది ఫోన్‌లో బ్యాటిల్ రాయల్ ఆడే వయసు.

"మామా, గిదేం గేమ్? ఆయన ముఖమే కనిపిస్తలేదు."

"నీ ముఖమే పెట్టుకో రా, ఎవరు వద్దన్నరు?"

వాడు పెదవి విరిచాడు. పది నిమిషాల్లో నాలుగుసార్లు చచ్చిపోయాడు. ఐదోసారి నా దగ్గరికి వచ్చి, "మామా, లైఫులు ఎక్కువ రావాల్నంటే ఏం చెయ్యాలె?" అన్నాడు. అదీ లెక్క. రెండు చాక్లెట్లు నేనూ వసూలు చేశాను.

కొత్తవన్నీ చెత్త అని నేను అనడం లేదు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ నాకు చాలా ఇష్టం. గ్రాఫిక్స్ కోసం కాదు. ఆ ఆట కథని ఎక్కడా కుదురుగా కూర్చోబెట్టి చెప్పదు. ఒక కత్తి దొరికితే దాని కింద రెండు లైన్లు, ఒక శవం దగ్గర ఒక గుర్తు... అంతే. ఎవరు ఎవరికి ఏమవుతారో మనమే పోగు చేసుకోవాలి. చూశారా, మళ్లీ నాకు పనే.

సినిమాకి వద్దాం. 2012లో ఈగ వచ్చినప్పుడు అందరూ గ్రాఫిక్స్ గురించే మాట్లాడుకున్నారు. మకుట వాళ్ల పని గొప్పదే, కాదనను. కానీ ఆ ఈగకి ఒక్క డైలాగ్ లేదు. ముఖంలో హావభావాలు లేవు, ఉండటానికి అక్కడ చోటే లేదు. హీరో అనుకున్న నాని తొందరగానే చచ్చిపోతాడు. ఆ తరువాత సినిమా అంతా ఒక ఈగ, దాన్ని చూసి వణికే సుదీప్. ఈగ తల ఇలా తిప్పితే కోపం, కాలు అలా రుద్దితే ఆలోచన అని మనమే అనుకుంటాం. పిక్సార్ వాళ్ల టేబుల్ ల్యాంప్ ఉంది కదా, 1986 నాటి లక్సో జూనియర్, అందులోనూ ఇదే కిటుకు. కళ్లూ నోరూ లేని దీపం బిక్కమొహం వేస్తుంది, మనం నమ్ముతాం. ఈగకి తెలుగులోనో హిందీలోనో మాటలు పెట్టి ఉంటే అది మామూలు కార్టూన్ అయిపోయేదని నా ఉద్దేశం.

ఈ పని మనవాళ్లకి కొత్తేం కాదు. 1957 నాటి మాయాబజార్ ఎన్నిసార్లు చూసి ఉంటారు? అందులో పాండవులు ఎక్కడ కనిపించారో చెప్పండి చూద్దాం. కనిపించరు! మహాభారతం వాళ్ల కథ తీసుకుని, పాండవులు ఐదుగురినీ తెర మీదకి తేకుండానే కె.వి. రెడ్డి గారు సినిమా నడిపించేశారు. వాళ్లు లేరన్న సంగతి ఎవరైనా చెప్తే గానీ మనకి తెలియదు. శశిరేఖ ప్రియదర్శినిలో వీడియో కాల్ మాట్లాడుతుంటే మనకి పాండవులతో పనేముంది అంటారా, అదీ నిజమే.

ఇప్పుడు చందమామ. 1947 జూలైలో మొదలైన పత్రిక, నా చేతికొచ్చేసరికి ముసలిదైపోయింది. నేను ఎక్కువగా చదివింది మా బాపు దాచిపెట్టిన పాత సంచికలే. శంకర్ గారు గీసిన విక్రమార్కుడి బొమ్మ కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. భుజాన శవం, చేతిలో కత్తి. అసలు బేతాళ కథ ఎంత మంచి గేమ్ డిజైనో ఎప్పుడైనా గమనించారా? జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెప్తే మౌనభంగం, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. గెలిస్తేనే లెవెల్ మొదటికొస్తుంది! ఇక ప్రశ్న దగ్గర ఆగి, పేజీ కింద చెయ్యి అడ్డం పెట్టుకుని, మనం ఒక జవాబు అనుకున్నాకే కింద చదవడం... మీరూ చేసే ఉంటారు.

కామిక్స్ మీద స్కాట్ మెక్‌క్లౌడ్ అనే ఆయన 1993లో ఒక పుస్తకం వేశాడు. అది కూడా కామిక్ రూపంలోనే ఉంటుంది. కామిక్‌లో అసలు సంగతి రెండు బొమ్మల మధ్య ఉండే ఖాళీలో జరుగుతుంది, దాన్ని నింపేది చదివేవాడే అని అందులో వాదిస్తాడు. అది చదివినప్పుడు నాకు అమెరికా గుర్తు రాలేదు, జపాన్ గుర్తు రాలేదు. చేర్యాల గుర్తొచ్చింది.

చేర్యాల మా సిద్దిపేట నుంచి గంట ప్రయాణం. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది, తరువాత మా జిల్లాలోకి వచ్చింది. చేర్యాల బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఎర్రటి నేల, పెద్ద కళ్లు, పసుపు, నీలం రంగుల మనుషులు. ఇళ్లల్లో, హోటళ్లలో, ఆఫీసు రిసెప్షన్లలో ఫ్రేము కట్టి పెడుతుంటారు. కానీ అది ఫ్రేము కోసం పుట్టిన బొమ్మ కాదు. ఖాదీ గుడ్డకి గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి నకాషి వాళ్లు రాసే పొడుగాటి పటం అది. మూడడుగుల వెడల్పు ఉంటే నలభై అడుగుల పొడవు కూడా ఉండేది. గళ్లు గళ్లుగా, పై నుంచి కిందికి కథ నడుస్తుంది. పక్కా కామిక్.

కాకపోతే ఈ కామిక్‌లో ఒక్క అక్షరం ఉండదు. పటం పట్టుకుని ఊరూరా తిరిగే కథకులు రాత్రిళ్లు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, పాడుతూ చెప్పేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే ఆశ్రిత కులం ఒకటి. పద్మశాలీలకి కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు. మాదిగలకి డక్కలి వాళ్లు జాంబపురాణం చెప్తారు. పెద్ద పుస్తకాల్లో తమకి మర్యాదైన చోటు దొరకని వాళ్లు "మేం ఎవరం, ఎక్కడి నుంచి వచ్చాం" అన్నది ఈ బొమ్మల్లో దాచుకున్నారు. ఇది కాలక్షేపం కామిక్ కాదు, వాళ్ల చరిత్ర.

ఇందులో నన్ను కట్టిపడేసిన విషయం ఇంకోటి ఉంది. పటం పాతబడి చిరిగితే దాన్ని మ్యూజియంలో దాచేవాళ్లు కాదు. పూజ చేసి నీళ్లలో కలిపేసి, నకాషి వాళ్ల దగ్గర కొత్తది రాయించుకునేవాళ్లు. పటం పోయినా కథ పోయేది కాదు, కథ కథకుడి గొంతులో ఉంది కాబట్టి. మన భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ మార్చేసేవాళ్లు, సాఫ్ట్‌వేర్ మాత్రం జాగ్రత్తగా కాపాడుకునేవాళ్లు.

ఇప్పుడు తిరగబడింది. చేర్యాల బొమ్మకి జీఐ గుర్తింపు ఉంది, అవార్డులున్నాయి, అద్దాల ఫ్రేములున్నాయి, కీచైన్లున్నాయి. రాసే కుటుంబాలు కొన్నే అయినా ఇంకా రాస్తున్నాయి, వాళ్లకి నా దండం. మార్కెట్‌కి తగ్గట్టు చిన్న బొమ్మలు వెయ్యకపోతే వాళ్లు బతికేదెలా, వాళ్లనేం అనగలం? కానీ చెప్పేవాళ్లు తగ్గిపోయారు, పిలిచి చెప్పించుకునేవాళ్లు అంతకంటే తగ్గిపోయారు. నలభై అడుగుల కథలోంచి ఒక్క గడి కోసి గోడకి తగిలించాం. గేమ్ పారేసి స్క్రీన్‌షాట్ దాచుకోవడం లాంటిది ఇది. ఏఐ టూల్‌లో "చేర్యాల స్టైల్" అని కొట్టి చూశాను. ఎర్ర రంగు వచ్చింది, పెద్ద కళ్లు వచ్చాయి. బొమ్మలో పెళ్లి ఎవరిదో, ఆ గుర్రం ఎక్కడికి పోతోందో మాత్రం ఎవరికీ తెలియదు. తెలియాల్సినదేదీ అందులో లేదు కూడా.

అభిమానులు తలుచుకుంటే ఏం చెయ్యగలరో మనకి తెలుసు. పాత ఆర్కేడ్ ఆటలు ఈ రోజు ఆడగలుగుతున్నామంటే 1997 నుంచి మామ్ ఎమ్యులేటర్ మీద ఊరికే పని చేసిన ప్రోగ్రామర్ల పుణ్యం. చందమామ ఆగిపోయాక పాత సంచికలు మిగిలాయంటే కూర్చుని స్కాన్ చేసిన అభిమానుల పుణ్యం. పటం కథల విషయంలో జయధీర్ తిరుమలరావు గారి లాంటి పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా ఊళ్లు తిరిగి సేకరించారు. కానీ ఒక రాత్రంతా సాగే కథని పూర్తిగా, బొమ్మకి బొమ్మ కలిపి వినాలంటే ఇప్పటికీ ఆ కథకుడి దగ్గరికే వెళ్లాలి. ఆయనకి వయసు మీద పడుతోంది. మన జేబులో ఫోర్‌కే కెమెరా ఉంది, ఆయనకి ఇవ్వాల్సిన సంభావన మన వీకెండ్ ఖర్చు కంటే ఎక్కువేం కాదు. కథ ఎవరిదో వాళ్ల పేరు మీదే ఉండాలి, వాళ్లని అడిగే రికార్డ్ చెయ్యాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

అంత తీరిక లేదంటారా, పోనీ చిన్న పని చెయ్యండి. ఈసారి చేర్యాల బొమ్మ కొంటున్నప్పుడు రేటు అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఏ కథలోది? దీని తరువాత బొమ్మ ఏంటి?